చిన్న బండిలోనే పెద్దరికం

ఇంట్లో నలుగురే. రోజూ ఆఫీసుకు వెళ్లేది ఒక్కరే. అయినా వాకిట్లో రెండు టన్నుల ఎస్‌యూవీ! దాన్ని అమ్మి చిన్న ఎస్‌యూవీ కొన్నవారిని చిన్నచూపు చూడటం తప్పు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 10 కిలోమీటర్లిస్తే 100 లీటర్లు కావాలి. 16 ఇస్తే 63 చాలు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పైగా ముడిచమురులో 85 శాతానికి మించి దిగుమతి చేసుకునే దేశం మనది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, చిన్న ఇంజిన్ కార్లపై జీఎస్టీ 18 శాతం. పెద్దవాటిపై 40 శాతం. పన్ను విధానం దారి చూపింది. ఇక మారాల్సింది మన మనసు. గౌరవం బండి పొడవులో లేదు, అవసరమైనంతే వాడుకోవడంలో ఉంది.