పలక స్పీకరూ డప్పే

స్పీకర్ సౌండ్‌లో జీవం లేదనిపిస్తే మనోళ్ళు చేసే మొదటి పని ఈక్వలైజర్‌లో బాస్, ట్రెబుల్ రెండూ పైకి తోసెయ్యడం. రెండో పని ఆన్‌లైన్‌లో ఇంకో స్పీకర్ వెతకడం. పలక స్పీకర్ల విషయంలో ఈ రెండూ దండగేనని నా వాదన. వాటి జీవమంతా పలక బిగువులో, అంచుల్లో, వెనకున్న ఖాళీలో ఉంటుంది. మూడూ మన చేతుల్లో ఉన్నవే.

పలక స్పీకర్ అంటే పెట్టె, కోన్ లేకుండా బల్లపరుపుగా ఉండే పలకే మోగడం. 1957లో బ్రిటన్‌లో క్వాడ్ కంపెనీ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ తెచ్చింది. 1969లో అమెరికాలో మొదలైన మాగ్నెపాన్, పల్చటి ప్లాస్టిక్ పొర మీద తీగలు అతికించి అయస్కాంతాల ముందు నిలబెట్టింది. 2017లో సోనీ ఓఎల్ఈడీ టీవీ తెరనే స్పీకర్ చేసేసింది. మన హాస్టల్ బడ్జెట్‌కి దిగొస్తే, ఒక ఎక్సైటర్ కొని థర్మాకోల్ షీటుకో ప్లైవుడ్ ముక్కకో అంటించండి. అదీ పలక స్పీకరే.

మా కోటబొమ్మాళి వైపు ఇదేం వింత కాదు. డప్పునే చూడండి. చెక్క వలయం, దానికి బిగించిన తోలు, వెనకంతా ఖాళీ. తోలు చెమ్మగిల్లి వదులైతే మోత మొద్దుబారిపోతుంది. అప్పుడు డప్పు కళాకారుడు దెబ్బ పెంచడు. గడ్డి మంట వేసి డప్పుకి సెగ చూపిస్తాడు. తోలు బిగుసుకుంటుంది, మోత ఖంగుమంటుంది. వాల్యూమ్ పెంచే ముందు పలకని సరిచెయ్యాలనే పాఠం అక్కడే ఉంది.

మన పలకకి సెగ ఏమిటి మరి? థర్మాకోల్ పైపొర మెత్తన, సన్నటి శబ్దాల్ని మింగేస్తుంది. సాండ్‌పేపర్‌తో నునుపు చేసి, సగానికి సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్ రెండు వైపులా పల్చగా పూసి ఆరనిస్తే, బరువు పెద్దగా పెరగకుండానే గట్టిపడుతుంది. ఎక్సైటర్‌ని నట్టనడుమ పెట్టొద్దు. నడిమధ్య నోడ్ ఉన్న కంపనాలేవీ లేవవు. పొడవులో, వెడల్పులో 2/5 వంతు దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరిపి చూడాలి.

అంచుల సంగతి ఇంకా ముఖ్యం. అంచుని తాకి వెనక్కొచ్చే అలలు పలకలోనే తిరుగుతుంటే, ఒక దెబ్బ తోక ఇంకో దెబ్బ మీద పడుతుంది. మృదంగం మోత మసకబారుతుంది. అంచుల వెంట అక్కడక్కడా ఫోమ్ టేపు ముక్క వేస్తే ఆ తోక తగ్గుతుంది. చుట్టూ వేసేస్తే పలకే చచ్చిపోతుంది. ఒక ముక్క వెయ్యాలి, అదే పాట మళ్ళీ వినాలి, తర్వాతే రెండోది. ఫ్రేములో బిగించిన పలకైతే ఫ్రేము ఊగకూడదు. న్యూటన్ మూడో సూత్రం అక్కడా ఊరుకోదు. టెక్కలి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల దగ్గర మిగిలే ముక్క ఒకటి అడుగున వేస్తే చాలు.

ఇక వెనకున్న ఖాళీ. పలక ముందుకి ఎంత మోగుతుందో వెనక్కీ అంతే మోగుతుంది, కాకపోతే తలకిందులుగా. గోడకి ఆనించేస్తే ఆ వెనక అల వెంటనే తిరిగొచ్చి ముందు అలలోని బాస్‌ని కొట్టేస్తుంది. గోడకి మీటరు దూరం జరిపితే వెనక శబ్దం రెండు మీటర్లు ఎక్కువ తిరిగి, దాదాపు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. గది ఒక్కసారి విశాలమైనట్టు ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

పరిమితులూ చెప్పుకోవాలి. లోతైన బాస్ పలక వల్ల కాదు. 8 ఓమ్‌ల ఎక్సైటర్‌కి వరసలో రెండు 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మైనస్‌కి మైనస్ కలిపి పెడితే 235 మైక్రోఫారడ్‌లవుతుంది. సుమారు 85 హెర్ట్జ్ కింద బాస్ తగ్గుతూ పోతుంది, ఎక్సైటర్ బతుకుతుంది. ఇంకో మాట: ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ జోలికి మాత్రం పోవద్దు, లోపల వేల వోల్టులుంటాయి.

"ఇంత కష్టం దేనికిరా, పెద్ద డబ్బా కొంటే పోలా?" అంటారు. పోదు. ఊరేగింపుల్లో డీజే పెట్టెలు వచ్చాక 'లైవ్లీ' అంటే గుండెలదరడమే అనే అర్థం మన చెవుల్లో స్థిరపడిపోతోంది. ఆ చెవితో వింటే పలక స్పీకర్ ఓడిపోతుంది, డప్పూ ఓడిపోతుంది. దెబ్బ ఎంత చప్పున మొదలైంది, ఎంత శుభ్రంగా ఆగింది అని వినడం మనం మర్చిపోతే, రేపు మనం తయారుచేసేవన్నీ గట్టిగా అరిచే డబ్బాలే అవుతాయి.

అందుకే ఈసారి ఫెస్ట్‌కి డప్పు కళాకారుల్ని పిలిచి, తగిన పారితోషికమిచ్చి ఒక గంట వాయించమందాం. రికార్డు చేసి, అదే గదిలో మన పలక మీద వినిపిద్దాం. వాళ్ళనే పక్కన కూచోబెట్టుకుని ఎక్కడ తేడా కొడుతోందో అడుగుదాం. టేపు ముక్క ఎక్కడ వెయ్యాలో వాళ్ళే చెబుతారు.