పేరు తప్పయితే పురుగు అబద్ధమా?

చిత్రకూట్ రాళ్ల గొడవ రైతుకెందుకు అంటారేమో! కాస్త ఓపిగ్గా వినండి.

1998లో డెహ్రాడూన్ వాడియా సంస్థ శాస్త్రవేత్త రఫత్ అజ్మీ వింధ్య ప్రాంతపు రాళ్లలో సన్నని శిలాజాలు దొరికాయని ప్రకటించారు. అవి 50 కోట్ల ఏళ్లకు కాస్త పైబడినవని ఆయన అంచనా. ఆ రాళ్ల వయసు అంతకు ఎన్నో రెట్లుంటుందని మిగతావాళ్లు తేల్చారు. అక్కడితో ఆగలేదు. అసలు శిలాజాలనే అనుమానించారు.

స్వీడన్‌కు చెందిన స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం మాత్రం అక్కడి రాళ్లు తీసుకుని స్వయంగా పరీక్షించింది. శిలాజాలు నిజమైనవే, వయసు మాత్రం సుమారు 160 కోట్ల ఏళ్లని 2009లో చెప్పింది. వాటిలో రెండు రకాలు ఎర్రనాచు జాతివై ఉండాలని 2017లో ప్రకటించి, ఒకదానికి అజ్మీ పేరు కలిసొచ్చేలా రఫతాజ్మియా అని పెట్టింది. పోగులాంటి ఒంట్లో కణాల అరలు వరసగా కనిపిస్తాయి. కెనడాలో దొరికిన ఎర్రనాచు శిలాజం వయసే దాదాపు 105 కోట్ల ఏళ్లు. ఇవి ఎర్రనాచులేనా అని కొందరికి ఇంకా సందేహముంది. కానీ శిలాజాలే కావని ఇప్పుడెవరూ కొట్టిపారేయడం లేదు.

ఇంతకాలం అవి చెడకుండా నిలిచింది ఫాస్ఫేట్ రాయిలో. మనం దుక్కిలో వేసే డీఏపీకి ముడిసరుకూ ఫాస్ఫేట్ రాయే.

ఇక మన సంగతి. 2021లో మిర్చి పూత రాలిపోతుంటే ఒక రైతు గుప్పెడు పూలు కవరులో వేసుకుని ఆఫీసుకెళ్లాడు. "నకిలీ మందు అంటగట్టారు సార్" అన్నాడు. మందు నకిలీ కాదని చెప్పి పంపేశారు. కవరు విప్పి చూసిన వాళ్లు లేరు. ఆ పూలలో ఉన్నది కొత్తగా వచ్చిన తామర పురుగు. ఆ ఏడు రెండు రాష్ట్రాల్లో మిర్చి రైతును ముంచింది అదే.

రైతు చెప్పిన కారణం తప్పే కావచ్చు. చేతిలో పూలు అబద్ధం కాదు గదా! కారణం తేల్చడం చదువుకున్న వాళ్ల పని. చూపించడం వరకే రైతు పని. ఆ పని అతను చేశాడు.

అధికారులకు మనవి ఒక్కటే. రైతు మాట నమ్మకపోయినా ఫర్వాలేదు. ముందు కవరు విప్పండి, తర్వాత చేనుకు రండి. 160 కోట్ల ఏళ్ల రాయి ఇంకొన్నేళ్లు ఆగుతుంది. మిర్చి పూత వారం కూడా ఆగదు.