బీకాం పిల్లల విదేశీ చదువు: నెలల లెక్క

మన ఇళ్లలో విదేశీ చదువు గురించి తెలిసిన సంగతులు చాలావరకు ఇంజినీరింగ్ పిల్లల నుంచి వచ్చినవే. పెదనాన్న కొడుకు డాలస్‌లో ఎమ్మెస్ చేశాడు, మూడేళ్లు ఓపీటీ (చదువయ్యాక పనిచేసే తాత్కాలిక అనుమతి) మీద పనిచేశాడు, ఆలోగా హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చింది. బీకాం చదివిన చెల్లెలికీ అదే దారి ఉంటుందన్న నమ్మకంతో తల్లిదండ్రులు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెస్తున్నారు. ఆ దారి ఆమెకు లేదు. అకౌంటింగ్ చదివినవారికి ఒక దేశం ఎన్ని నెలలు ఉండనిస్తుందన్నది ఒక లెక్క. అకౌంటెంటుగా గుర్తింపు పొందడానికి ఎన్ని నెలల అనుభవం కావాలన్నది ఇంకో లెక్క. కన్సల్టెన్సీల్లో మొదటిదే చెబుతున్నారు. రెండోది ఎవరూ అడగడం లేదు. తెలివైన పిల్లలు నష్టపోతున్నది అక్కడే.

ముందు అమెరికా సంగతి. ఎఫ్-1 వీసా మీద డిగ్రీ పూర్తిచేసినవారికి ఓపీటీ 12 నెలలు. ఇక్కడ అందరూ స్టెమ్ అని పిలిచే జాబితాలో కోర్సు ఉంటే మరో 24 నెలల పొడిగింపు. అకౌంటింగ్ ఆ జాబితాలో లేదు. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో కోర్సు పేరుతోపాటు ఆరంకెల కోడ్ ఉంటుంది. అది 52.0301 అయితే ఏడాదితో సరి. ఆ ఏడాదిలో కూడా ఉద్యోగం లేకుండా గడిపిన రోజులు మొత్తం 90 దాటకూడదు. లాటరీతో ఎంపికచేసే హెచ్-1బీ రిజిస్ట్రేషన్ ఏటా మార్చిలో జరుగుతుంది కాబట్టి, మే నెలలో పట్టా పుచ్చుకున్న అకౌంటింగ్ విద్యార్థికి సాధారణంగా దక్కేది ఒకే ఒక్క లాటరీ. స్టెమ్ చదివిన అన్నయ్యకు మూడు దక్కాయి.

2026 ఫిబ్రవరి చివర అమల్లోకి వచ్చిన నిబంధనతో ఆ ఒక్క లాటరీ ఇంకా బిగిసింది. ఇప్పుడు జీతం స్థాయిని బట్టి అవకాశాలు పెరుగుతాయి. నాలుగో స్థాయి జీతం ఉన్నవాడి పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయివాడి పేరు ఒక్కసారి లాటరీలో పడుతుంది. ఆడిట్ సంస్థలో అప్పుడే చేరిన కుర్రాడు ఉండేది ఎక్కువగా మొదటి స్థాయిలోనే. 2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము, అక్కడే చదివి స్టేటస్ మార్చుకునే విద్యార్థులకు వర్తించదని ఆ దేశ ఇమిగ్రేషన్ శాఖ చెప్పింది. అదొక్కటే కాస్త ఊరట.

ఈ గడువు సమస్యకు కన్సల్టెన్సీలు చూపిస్తున్న మార్గం అనలిటిక్స్. 2022 జనవరిలో అమెరికా ప్రభుత్వం స్టెమ్ జాబితాలో 22 కొత్త విభాగాలు చేర్చింది. బిజినెస్ అనలిటిక్స్, ఫైనాన్షియల్ అనలిటిక్స్ వాటిలో ఉన్నాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు అకౌంటింగ్ కోర్సులనే డేటా పాఠాలతో మార్చి ఆ జాబితాలోకి తెచ్చాయి. ఇందులో మోసమేమీ లేదు. డేటా మీద నిజంగా ఇష్టం ఉన్నవారికి మంచి కోర్సులే. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. అమెరికాలో అకౌంటెంట్లకు సీపీఏ లైసెన్సు ఇచ్చే రాష్ట్రాల బోర్డులు మొత్తం క్రెడిట్లతో సరిపెట్టుకోవు, వాటిలో అకౌంటింగ్ క్రెడిట్లు ఎన్నో విడిగా లెక్కబెడతాయి. అనలిటిక్స్ డిగ్రీతో మూడేళ్లు దొరికి, తీరా చూస్తే సీపీఏ పరీక్షకు అకౌంటింగ్ క్రెడిట్లు తక్కువై మళ్లీ ఫీజు కట్టాల్సిన పరిస్థితి రావచ్చు. పొడిగింపు కాలంలో చేసే ఉద్యోగం కూడా చదివిన సబ్జెక్టుకు సంబంధించినదే కావాలి, యజమాని ప్రభుత్వ ఈ-వెరిఫై వ్యవస్థలో నమోదై ఉండాలి, శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. పేరుకు ఉద్యోగం చూపించి బెంచి మీద కూర్చోబెట్టే సంస్థలకు ఈ షరతులు పట్టవు. తనిఖీ వచ్చిన రోజున ఇబ్బంది పడేది మాత్రం విద్యార్థి.

గడువు అయిపోతోందన్న భయం మనిషిని ఎంతదూరం తీసుకెళ్తుందో 2019 జనవరిలో చూశాం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అమెరికా అధికారులే నడిపిన బూటకపు సంస్థ. స్టేటస్ నిలబెట్టుకోవడానికి అందులో పేరు నమోదు చేయించుకున్న 130 మందిని ఒక్కసారిగా అరెస్టు చేస్తే 129 మంది భారతీయులు. వారిలో తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2011లో, కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. అలాంటి చోట చేరినవారిని తప్పుపట్టడం సులువు. అప్పు తీరక, ఇంటికి ముఖం చూపించలేక, రోజులు లెక్కపెట్టుకుంటూ బతికిన పిల్లలు వాళ్లు. అకౌంటింగ్ వారికి ఆ రోజులు ఇంకా తక్కువ కాబట్టి వీళ్ల గురించి నాకు మరింత భయం.

బ్రిటన్‌లో ఈ రెండు లెక్కల మధ్య తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ 2021 జులైలో మొదలైన గ్రాడ్యుయేట్ రూట్ కింద మాస్టర్స్ చేసినవారికి రెండేళ్లు ఇస్తున్నారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలే. అక్కడి అకౌంటెంట్ల సంస్థ ఏసీసీఏలో సభ్యత్వానికి కావలసిన అనుభవం 36 నెలలు. మరో సంస్థ ఐసీఏఈడబ్ల్యూలో చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటే శిక్షణ ఒప్పందమే కనీసం మూడేళ్లు. 18 నెలల వీసా ఉన్న మనిషికి మూడేళ్ల ఒప్పందం ఇవ్వాలంటే సంస్థ మధ్యలో స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేయాల్సిందే. దాని సాధారణ జీతపరిమితి 2025 జులైలో 41,700 పౌండ్లకు చేరింది, కొత్తగా చేరేవారికి 33,400. లండన్ బయట ట్రైనీ జీతాలు చాలాచోట్ల అంతకు దిగువనే ఉంటాయి. అందుకే పదిహేను నెలలు గడిచేసరికి పిల్లలు ఆడిట్ మాట వదిలేసి ఎవరు స్పాన్సర్ చేస్తామంటే ఆ పనికి వెళ్లిపోతున్నారు.

లెక్క కుదిరే దేశాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాతో మనకున్న వాణిజ్య ఒప్పందం వల్ల భారతీయ మాస్టర్స్ విద్యార్థికి చదువయ్యాక ఇచ్చే 485 వీసా మీద మూడేళ్లు దొరుకుతుంది. అక్కడి అకౌంటెంట్ల సంస్థ సీపీఏ ఆస్ట్రేలియా అడిగే అనుభవం కూడా మూడేళ్లే. వయసు మాత్రం 35 దాటకూడదు. కెనడాలో మాస్టర్స్ చేస్తే మూడేళ్ల వర్క్ పర్మిట్, అక్కడి సీపీఏకి 30 నెలల అనుభవం. అయితే కాలేజీ డిప్లొమాల సంగతి వేరు. 2024 నవంబరు నుంచి డిప్లొమాలకు నిర్దేశించిన సబ్జెక్టులుంటేనే పర్మిట్. అకౌంటింగ్ వాటిలో లేదు. ఫీజు తక్కువని డిప్లొమా సీటు అంటగట్టే ఏజెంటు ఈ మాట చెప్పడు.

ఇక హైదరాబాద్‌కే వద్దాం. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. అక్కడ ఇంటర్వ్యూకు నిలబడిన బీకాం విద్యార్థి తల తిప్పి చూస్తే కనిపించే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి మాదాపూర్ మైండ్‌స్పేస్ వరకు ఉన్న కారిడార్‌లో, అతను అమెరికా వెళ్లి నేర్చుకోవాలనుకుంటున్న పనే జరుగుతోంది. డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీల ఆఫీసుల్లో జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా బిజీ సీజన్. అమెరికా రిటర్నులు, అమెరికా ఆడిట్ ఫైళ్లు, అమెరికా మేనేజర్లతో రాత్రి కాల్స్. అమెరికా సీపీఏ పరీక్ష కోసం విమానం ఎక్కాల్సిన పని లేదు. 2020 నుంచి హైదరాబాద్‌లోనే రాయొచ్చు. మూడు తప్పనిసరి పేపర్లు, ఒకటి ఎంచుకునేది, మొత్తం నాలుగు. మన మూడేళ్ల బీకాంకు మామూలుగా 90 క్రెడిట్లే లెక్కగడతారు. అందుకే ఎంకాం, ఎంబీఏ, సీఏ వంటివి తోడు కావాలి. లైసెన్సుకు సీపీఏ ధ్రువీకరించిన అనుభవం కావాలి. చాలా రాష్ట్రాలు ఇక్కడ చేసిన పనినీ ఒప్పుకుంటాయి. ఏసీసీఏ అడిగే 36 నెలలూ ఏ దేశంలోనైనా పూర్తి చేయొచ్చు.

డిగ్రీ కాగానే విమానం ఎక్కకుండా ఈ కారిడార్‌లో రెండుమూడేళ్లు పనిచేసి, పరీక్షలు పాసై, ఆ తర్వాత వెళ్లమని నేను గట్టిగా చెబుతున్నాను. అప్పుడు ఓపీటీ 12 నెలలే అయినా, బ్రిటన్ వీసా 18 నెలలే అయినా, ఆ కుర్రాడు మొదటి రోజునుంచే పనికొచ్చే మనిషి. నేర్చుకోవడానికే గడువు కరిగిపోదు. చుట్టాల్లో ఎవరో ముందే వెళ్లిపోయారన్న చిన్నతనం అక్కర్లేదు.

ఇందులో పెద్దలు చేయాల్సిన పనులున్నాయి. క్రెడిట్ల మూల్యాంకనానికి కావలసిన ట్రాన్స్‌క్రిప్టులు, సిలబస్ ధ్రువపత్రాలు అడిగిన విద్యార్థిని మన విశ్వవిద్యాలయాలు కౌంటరు నుంచి కౌంటరుకు తిప్పకూడదు. కారిడార్‌లోని సంస్థలు, రాజీనామా చేసి వెళ్లేవారికి కూడా, చేసిన పని వివరాలతో అనుభవ పత్రం ఇవ్వాలి. సీపీఏ ఉన్న మేనేజరు బోర్డు ఫారం మీద పెట్టే సంతకానికి పైసా ఖర్చు లేదు. మానవ వనరుల విభాగం దాన్ని ఉద్యోగి హక్కుగా తన నియమావళిలో రాసుకుంటే, పాత మేనేజరు ఫోను ఎత్తుతాడా లేదా అని మరో ఖండం నుంచి ఎదురుచూసే అవస్థ మన పిల్లలకు తప్పుతుంది.