జంగము కథయు, జోలెయు

మన సంస్కారప్రియులలో కొందఱు ఈ నడుమ ఒక వింత వాదమును లేవదీసియున్నారు. బుడగ జంగములు ఇల్లిల్లు తిరిగి కథలు చెప్పి యాచించుట దేశమునకు అప్రతిష్ఠయట. కావున ఆ కథలు మాసిపోవుటయే ఆ జాతికి మేలట. యాచన పోవలయుననుటలో మాకును వారికిని భేదము లేదు. కాని జోలె పోవుటకై పాటయు పోవలెననుట ఏ తర్కశాస్త్రములోని హేతువో మాకు బోధపడలేదు. కథ విని కూలి ఇయ్యక పిడికెడు గింజలు విదిలించిన మన వలన గదా ఆ జోలె వచ్చినది!

ఇట్లు వాదించువారు హెచ్చుగా మావలెనే పంతుళ్లు, పట్టభద్రులు. మేఘసందేశమును, మిల్టనును ఒక్క నోట చదువగలరు. ఆత్మకూరి వీథిలో తంబుర మ్రోగినంతనే బిచ్చగాడు వచ్చెనని తలుపు మూయుదురు. మూయుటకు ముందు ఆతని విద్య యెట్టిదో ఒకింత చూతురు గాక. కథకుడు భుజమున తంబుర, వ్రేళ్లకు అందెలు దాల్చి, అడుగు వేయుచు వచనమును పాటను కలిపి నడపును. ప్రక్కనున్న వంతలు గుమ్మెటలు వాయించుచు వంత పలుకుదురు, సందేహము లడుగుదురు, నవ్వింతురు. జంగముల కథలో ఆ వంతలు తఱచు ఇంటి స్త్రీలే. బొబ్బిలి కథ గాని, బాలనాగమ్మ కథ గాని ఒక్క గడియలో తీరునవి కావు. చేత పుస్తకము లేదు. వినువారు కునుకుచున్నచో హాస్యము పెంచుటయు, కన్నీరు పెట్టుచున్నచో ఆ ఘట్టమును సాగదీయుటయు అప్పటికప్పుడే. పది పద్యములు అప్పగింపలేని పిల్లవానిని బడులు పై తరగతికి పంపుచున్నవి. రాత్రుల తరబడి కథను ధారణ చేసినవానిని లోకము నిరక్షరుడనుచున్నది.

మన కర్నూలు సీమ సంగతియే చూడుడు. 1846లో కుంఫిణీపై తిరుగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని, 1866 నాటి కరవులో ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని మఱపునకు రానీయక నిలిపినది ఎవరు? పల్లెల పాటగాండ్రు. 2019లో నరసింహారెడ్డి కథ చలనచిత్రమై వచ్చినపుడు మనమందఱమును చప్పట్లు కొట్టితిమి. అంతకు ముందు 170 ఏండ్లు ఆ పేరును మోసినవారికి దక్కినది పాత చొక్కాయలు.

గుంటూరు సీమలోని పొన్నెకల్లున పుట్టిన షేక్ నాజరు (1920–1997) బుఱ్ఱకథను ప్రజానాట్యమండలి వేదికపై నిలిపి, 1986లో పద్మశ్రీ నందెను. జోలె లేకయే కథ చెప్పవచ్చునని ఆయన చూపెను గదా, ఇక జంగముతో పనియేమని కొందఱందురు. నాజరు ప్రతిభకు మా నమస్కారము. అయితే వేదిక దొరకినవానికి జోలెతో పని లేదనియే గదా అందువలన తేలినది! ఆ వేదికను జంగమునకు ఇయ్యకుండుటకు అది హేతువెట్లగును?

ఈ వివాదము మన దేశముననే పుట్టినది కాదు. కాస్పియను సముద్రతీరమున అజర్‌బైజాను దేశమందు ముగామను ప్రాచీన గానము కలదు. దానిని పాడువానిని ఖానెందె యందురు. గవాలను డప్పును చేతబట్టి, తారు, కమాంచ అను తంత్రీవాద్యములు తోడు రాగా, మన రాగాలాపనము వలెనే తత్క్షణమున కల్పించుకొనుచు పాడును. సోవియట్టు ప్రభుత్వము వచ్చిన పిమ్మట అచ్చటి అభ్యుదయవాదులు కొందఱు తారును గతకాలపు చెత్తయని పాఱవేయజూచిరి. మికాయిల్ ముష్ఫిగ్ అను యువకవి తారు పక్షమున పద్యము వ్రాసెను. ఉజెయిర్ హాజిబెయోవు 1931లో జానపద వాద్యములకు స్వరలిపితో ఒక బృందమునే కూర్చెను. షుషా నగరపు ఖానెందె జబ్బారు గార్యాగ్దియోగ్లు (1861–1944) బాకు సంగీత విద్యాలయమున ఉపాధ్యాయుడయ్యెను. 2008లో ముగాము యునెస్కో జాబితా కెక్కెను. (ముష్ఫిగును 1938లో ఆ ప్రభుత్వమే కాల్చి చంపెను. ఆ రాజ్యమును ఆదర్శముగా చూపుట మా యుద్దేశము కాదు; పాటగాని చేతికి బడి నప్పగించిన ఆ యొక్క పనినే మెచ్చుచున్నాము.)

మన యొద్ద జరిగినదేమి? 2002 నాటి సవరణ చట్టము బుడగ జంగములకు షెడ్యూల్డు కులపు గుర్తింపును తెలంగాణపు పది జిల్లాలకే పరిమితము చేసెను. కృష్ణకు ఆవలి యొడ్డున షెడ్యూల్డు కులస్థుడైన జంగము ఈవలి యొడ్డున కాకపోయెను. నది దాటిన మాత్రమున జోలె బరువు తగ్గునా? పిల్లవానికి పత్రము లేకుండజేసి, తండ్రికి యాచన మానుమని ఉపన్యసించుట సంస్కరణమగునా?

మేము సన్మానములు కోరము. శాలువ కప్పించుకొన్నవాడు మఱునాడు మరల జోలెయే తగిలించుకొనును. మండలమున కొక్క ఉన్నత పాఠశాలయందైనను వారమునకు రెండు గంటలు జంగము చేత కథ చెప్పించి, సంగీతోపాధ్యాయుని జీతపు లెక్కను ఆ గంటలకు కూలి కట్టి ఇయ్యవలెను. ఆతని బిడ్డలలో ఆ విద్య నేర్చువానికి వేతనమీయవలెను. పరీక్ష నెగ్గనివానిని బడిలోనికెట్లు రానిత్తుమని అధికారు లడుగుదురు. ఒక రాత్రి కథ చెప్పించి పరీక్షింపుడు. పరీక్షకులుగా మాబోటి పంతుళ్లను కాక ఊరి ముసలివారిని కూర్చుండబెట్టుడు. ఎచ్చట చరణము జాఱెనో, ఎచ్చట వంత తప్పెనో వారికి తెలిసినంత మాకు తెలియదు.