ముందు చెవి, తర్వాత పర్సు
పొద్దున్నే తాళం తిప్పితే కారు స్టార్ట్ కాలేదనుకోండి, మనలో చాలామంది బానెట్ ఎత్తి చూడకుండానే కొత్త బ్యాటరీ ధర వాకబు చేస్తారు. జ్వరమొచ్చిందని ఏకంగా ఆపరేషన్‌కి సిద్ధమైనట్టే ఇది. కారు తన రోగం తానే చెబుతుంది. వినే ఓపిక మనకుండాలి. 'టికటికటిక' అని కొట్టుకుంటే బ్యాటరీలో చార్జి తగ్గింది, లేదా టెర్మినల్ వదులైంది. హెడ్‌లైట్లు బాగా వెలుగుతున్నా ఒక్క 'టక్' మని ఊరుకుంటే అనుమానం స్టార్టర్ మీదికి పోవాలి. ఇంజిన్ గిరగిరా తిరుగుతూ అంటుకోకపోతే బ్యాటరీని తిట్టి లాభం లేదు. పెట్రోలు అందట్లేదో, స్పార్క్ రావట్లేదో చూడాలి. మల్టీమీటర్ పెడితే నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది, ఇంజిన్ నడిచేటప్పుడు 14 దాకా ఎక్కాలి. ఎక్కలేదంటే తప్పు చాలావరకు ఆల్టర్నేటర్‌దే. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ చతికిలబడుతుంది. పోయిన వేసవిలో మా కారు మొరాయిస్తే, వీధి చివరి మెకానిక్ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేణ్నీళ్లతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, నట్టు బిగించాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. వేలు పోసే ముందు చెంబెడు వేణ్నీళ్లు పోసి చూడండి.