బెలుం గుహలు, రవ్వలకొండ

ఈ శీర్షికలో మనము తరచుగా ఇంటిలోని సంగతులనే ముచ్చటించుకొనుచుందుము. ఈ మాసము మిమ్ములను ఇల్లు విడిపించి భూమిక్రిందికి తోడ్కొనిపోదలచితిమి. భయపడకుడు. అచ్చటను మనకు నిత్యము పరిచయమైన వస్తువే కనబడును.

నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల చెంత బెలుం అను గ్రామము కలదు. 2022వ సంవత్సరమునకు పూర్వము ఇది కర్నూలు జిల్లాలోనిది. తాడిపత్రినుండి ఇచ్చటికి సుమారు 30 కిలోమీటర్లు. కొండ లేదు, లోయ లేదు. చదునైన మెట్ట పొలముల నడుమ బావులవలె కొన్ని గుంటలు కనబడును. అందొకదానిలో మెట్లు దిగినచో 3,229 మీటర్ల పొడవుగల గుహలలో ప్రవేశింతుము. యాత్రికులకు అందు ఇంచుమించు సగము భాగము మాత్రమే చూపుదురు.

ఇటీవల మేము బంధువులతో అచ్చటికి పోయితిమి. మాతో అరువది యెనిమిదేండ్ల మా మేనత్తగారును, మా మరదిగారి కుమారుడు పదునాలుగేండ్ల బాలుడును వచ్చిరి. మెట్లు హెచ్చు, లోపల ఉక్క హెచ్చు. కావున అత్తగారిని పైననే నీడపట్టున కూర్చుండబెట్టి పోవుదమని మేమందరము నిశ్చయించితిమి. ఆమెను ఒక్కమాటయైన అడుగలేదు. సంగతి గ్రహించి ఆమె, "నేను చూడకపోతే ఆ గుహ మీకు మాత్రం ఎక్కువ కనపడుతుందా అమ్మాయీ?" అని నవ్వి, చేతికఱ్ఱ తీసికొని అందరికంటె ముందే మెట్లు దిగసాగెను. మేము సిగ్గుపడి వెంటనడచితిమి.

లోన విద్యుద్దీపములు కలవు. గాలి ఆడుటకు ఏర్పాట్లును కలవు. అయినను చెమట ధారలుగా కారును. కొన్నిచోట్ల విశాలమైన మందిరములు, కొన్నిచోట్ల వంగి నడువవలసిన ఇరుకుదారులు. కోటిలింగాలు, ఊడలమఱ్ఱి, వేయిపడగలు, సప్తస్వరాల గుహ అని ఒక్కొక్క చోటికి ఒక్కొక్క పేరు పెట్టినారు. అన్నిటికంటె లోతైనది పాతాళగంగ. అది 46 మీటర్ల అడుగున నున్నది. అచ్చట సన్నని నీటిపాయ పుట్టి, కొంతదూరము పారి, మరల రాతిలోనికే మాయమగును.

గోడలు నలుపు. మేమందరము ఆ యాకారములలో శివలింగములను, పాములను వెదకుచుండగా అత్తగారు గోడను అరచేతితో నిమిరి, "ఇది మన వంటింటి బండే కదా!" అనిరి. వారు పుట్టినది కోయిలకుంట్ల ప్రాంతమున. ఈ రాతితో వారికి చిన్ననాటి స్నేహము. ఆ మాట అక్షరాల నిజము. మన యిండ్లలో పొయ్యిక్రిందను, కూరలు తరుగు గట్టుపైనను పరచు కడపరాయి నల్లని సున్నపురాయియే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములలో దానిని పలకలుగా తీయుదురు. గుహయు అట్టి సున్నపురాతిలోనిదే.

ఆ యొక్క మాటతో గుహ యేర్పడిన విధమంతయు మాకు సులభముగా బోధపడినది. వంటింటి బండపై నిమ్మరసమో చింతపులుసో పడినయెడల ఏమగును? నిగనిగ పోయి మచ్చ పడును. పులుపు సున్నమును తినివేయుటయే దానికి కారణము. వాననీరును కొంచెము పులుసుగలదే. ఆకాశమునుండి పడునప్పుడును, మట్టిలో ఇంకునప్పుడును అది బొగ్గుపులుసు వాయువును తనలో చేర్చుకొనును. ఆ నీరు రాతిపగుళ్లలో దూరి యుగములతరబడి సున్నమును కరగించుకొనిపోగా మిగిలిన బోలు ఈ గుహ.

మరి పైకప్పునుండి వ్రేలాడు ఊడల మాట యేమి? అదియు మనయింట కలదు. నీళ్లు కాచు కాగు లోపల తెల్లని చట్టు పేరుకొనుట చూచుచునే యున్నాము గదా. నీటిలోని వాయువు వెడలిపోయినచో సున్నము కరగియుండజాలక మరల గట్టిపడును. గుహలో ఒక్కొక్క బొట్టును కారుచు, కొంచెము కొంచెముగ సున్నమును విడిచిపోవును. అట్లు ఊడలు పెరుగును. ఒక ఊడను విరుచుటకు క్షణము చాలును. అది మరల పెరుగుట మన మనుమల మనుమలును చూడబోరు. కావున పిల్లలచేతులను అదుపులో నుంచుట తల్లుల విధి.

ఈ గుహలనుగూర్చి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు వ్రాసిపెట్టెను. పిమ్మట సుమారు నూరేండ్లు ఎవ్వరును పట్టించుకొనలేదు. 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబౌయర్ అను జర్మను దేశీయుడు తన బృందముతో వచ్చి లోపలి త్రోవలను కొలిచెను. 1985లో ప్రభుత్వము దీనిని రక్షణలోనికి తీసికొనెను. 2002లో జనులకు ద్వారము తెరచిరి. అంతకుముందు ఈ గుంటలలో చెత్త పారవేయుచుండిరట! సున్నపురాతి నేలలో గుంట యనగా భూగర్భ జలమునకు వాకిలి. అందు పారవేసినది బావినీటితో కలిసి మరల మన బిందెలోనికే రాగలదు. ఇది బెలుం గ్రామమునకు మాత్రమే చెల్లు నీతి కాదు.

మరునాడు బనగానపల్లెకు పోయితిమి. సమీపమున యాగంటిలో కొండగుహలను దర్శించి, రవ్వలకొండను చూచితిమి. రవ్వ యనగా వజ్రము. గరిమిరెడ్డి అచ్చమ్మగారి యావులను కాచుచు పోతులూరి వీరబ్రహ్మముగారు ఈ కొండగుహలోనే కాలజ్ఞానము వ్రాసిరని చెప్పుదురు. పశువులకాపరిలో జ్ఞానిని గుర్తించి, శిష్యురాలైన గృహిణి అచ్చమ్మ.

ఈ ప్రాంతమున పూర్వము వజ్రములకై గనులు త్రవ్విరి. 15, 20 అడుగుల గుంట దిగి, రవ్వలుండు గులకరాతి పొర తగులగనే, దానివెంబడి అడ్డముగా తక్కువ యెత్తుగల సొరంగములు చేసెడివారు. 17వ శతాబ్దమున కృష్ణాతీరమందలి కొల్లూరు గనిని చూచిన టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు, అచ్చట పురుషులు త్రవ్వగా స్త్రీలును పిల్లలును మన్ను మోయుచుండిరని వ్రాసెను. రాణుల కిరీటములకెక్కిన రాళ్లవెనుక మనవంటి తల్లుల తలలపై మోసిన తట్టలున్నవని మరువరాదు.

ఇచ్చటనే మా ప్రయాణము చెడవలసినది. పొదలచాటున ఒక పాత సొరంగపు నోరు కనబడగనే బాలుడు ఫోనుదీపము వెలిగించి నడుమువరకు దూరినాడు. మేము చూచుచునే యుంటిమి. ముందునాడు గుహలో తిరిగిన ధైర్యముచే మాకు ఆపవలెనని తోచలేదు. అత్తగారు వానిని చొక్కాపట్టి వెనుకకు లాగి, "పాతర మూత తీయగానే లోపలికి దిగుతారట్రా?" అని గద్దించిరి.

ధాన్యము దాచు పాతరలు ఆ సీమలో ఇంటింట నుండెడివి. వారి చిన్నతనమున, మూత తీసిన వెంటనే ఒక కూలివాడు దిగి ఒరిగిపోయెనట. వానిని తీయుటకు దిగిన తమ్ముడును మరల పైకి రాలేదట. ఆ కథ చెప్పునప్పుడు ఆమె చేయి ఇంకను బాలుని చొక్కాను విడువలేదు.

సోదరీమణులారా! చీకటులన్నియు ఒక్కటి కావు. బెలుం గుహను నీరు యుగములపాటు నిదానముగా తొలిచినది. అచ్చట నేడు దీపము, గాలి, కాపలా కలవు. పాతగనిని మనుష్యుడు తొందరతో త్రవ్వి, రాళ్లు తీసికొని విడిచిపోయెను. దాని కప్పునకు ఆధారము లేదు. ప్రతి వానకును అది సడలుచునే యుండును. చెడుగాలి అడుగున నిలిచి, వాసనయైన లేక ప్రాణము తీయును. దీపము ఆరినచో అపాయమని నిశ్చయము. ఆరనంతమాత్రమున క్షేమమని నమ్మరాదు. ఎవరైన లోన పడినచో వెంట దిగక, కేక వేసి తగిన సాధనములుగల వారిని రప్పింపవలెను.

బెలుం పోవువారికి నాలుగు మాటలు: నూలుబట్టలు కట్టుకొనుడు. జారని చెప్పులు తొడుగుడు. త్రాగునీరు మరువకుడు. ఆయాసము, గుండెజబ్బు కలవారు వైద్యుని అడిగి పొండు. ఇక ఐదవ మాట మాకొరకే: ఇంటి పెద్దముత్తైదువను పైన కూర్చుండబెట్టుటకు ముందు ఆమెను ఒక్కసారి అడుగుడు. మేము అడుగలేదు. ఆమె తనంతట తాను రాకున్నయెడల గుహలో వంటింటిని చూడకయే వచ్చియుందుము. రవ్వలకొండనుండి బాలునితో తిరిగివచ్చియుందుమో లేదో చెప్పజాలము.