పాలకూర, టమాటా మీద పడిన నింద

పైన వీడియోలో మీరు చూసింది మదనపల్లె దగ్గర మా 20 సెంట్ల ఏటీఎం మడి. పాలకూర సాలు దగ్గర నిలబడి ఒక అక్క అన్న మాట వినే ఉంటారు. "ఇది టమాటాతో కలిపి వండితే కిడ్నీలో రాళ్లు వస్తాయంట కదా, మాకొద్దులే." టమాటా అంటే దేశమంతా తలుచుకునే మదనపల్లెలోనే ఈ మాట! కుప్పం వైపు సంతకు పోయినా ఇదే. చిన్న మడి వేసుకున్న ఆడవాళ్లకు నెల తిరక్కుండానే చేతికి డబ్బులిచ్చేది ఆకుకూరలే. ఈ భయం వాళ్ల కట్టల మీద పడుతోంది.

అసలు సంగతి చూద్దాం. కిడ్నీ రాళ్లలో ఎక్కువ శాతం కాల్షియం ఆగ్జలేట్ రాళ్లే. పాలకూరలో ఆగ్జలేట్ బాగా ఎక్కువ, వంద గ్రాముల పచ్చి ఆకులో 600 మిల్లీగ్రాములు కూడా దాటుతుంది. తోటకూర, చుక్కకూర, గంగవాయిలాకు కూడా ఎక్కువ ఉన్నవాటి జాబితాలోవే. మెంతికూర, ముల్లంగి ఆకు, క్యాబేజీల్లో తక్కువ. టమాటాలోనూ తక్కువే. కాబట్టి ఆ జంటలో టమాటా చేసిన తప్పేమీ లేదు. రెండూ కలిసినంత మాత్రాన కొత్తగా రాయి పుట్టదు.

ఇక మనవాళ్లతో నాకొక పేచీ ఉంది. "మందులేసిన ఆకుకూర వల్లే రాళ్లు, జీవామృతంతో పండించింది తింటే ఉన్న రాయి కూడా కరుగుతుంది" అని చెప్పి అమ్మేవాళ్లున్నారు. దయచేసి అట్లా చెప్పకండి. ఆగ్జలేట్‌ను మొక్క తనే తయారు చేసుకుంటుంది. పుంగనూరు ఆవు పేడతో పెంచినా ఉంటుంది, యూరియాతో పెంచినా ఉంటుంది. పురుగుమందు కొట్టలేదని ధైర్యంగా చెబుదాం. లేని మహిమ అంటగట్టి అమ్మితే రేపు మన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

నా సంగతే చెబుతా. నాలుగేళ్ల కిందట మే నెలలో, టమాటా కోతలప్పుడు నడుము పక్కన నొప్పి పట్టింది. స్కానింగ్‌లో రాయి కనిపించింది. చుట్టాలంతా ఆకుకూరలు మానమన్నారు, టమాటా మానమన్నారు. ఇంకొకాయన కాల్షియం అంటూ రాగిసంగటి, మజ్జిగ కూడా వద్దన్నాడు. అన్నీ మానేశా. మాననిది ఒక్కటే, పొద్దున ఆరింటి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా ఒక్క చెంబు నీళ్లతో చేన్లో ఉండటం. ఏడాదిన్నర తిరిగేసరికి ఇంకో రాయి.

మజ్జిగ మానడమే పెద్ద పొరపాటని తర్వాత తెలిసింది. 1993లో అమెరికాలో 45 వేల మందికి పైగా మగవాళ్ల మీద చేసిన పరిశీలనలో, తిండి ద్వారా కాల్షియం ఎక్కువ తీసుకునేవాళ్లకే రాళ్లు తక్కువ వచ్చాయి. 2002లో ఇటలీవాళ్లు 120 మందిని ఐదేళ్లు చూశారు. కాల్షియం తగ్గించిన వాళ్లకంటే, మామూలుగా కాల్షియం తింటూ ఉప్పూ మాంసం తగ్గించిన వాళ్లలో రాయి తిరగబెట్టడం దాదాపు సగమే. కారణం తేలికే. కాల్షియం, ఆగ్జలేట్ పేగులోనే ఒకదాన్నొకటి పట్టుకుంటే విరేచనంలో పోతాయి. కాల్షియం లేకపోతే ఆగ్జలేట్ రక్తంలోకి ఎక్కి కిడ్నీ దాకా వస్తుంది. మా అమ్మ ఆకుకూర పప్పు ఎనిపి, సంగటి ముద్దతో పెట్టి, చివర్లో మజ్జిగ పోసేది. ఈ లెక్కలేవీ ఆమెకు తెలియవు, కానీ పళ్లెంలో అన్నీ కుదిరినాయి.

ఆకును నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కరిగే ఆగ్జలేట్ చాలావరకు పోతుంది, కొన్ని పోషకాలు కూడా పోతాయనుకోండి. నాకు భయమేసేది పచ్చి పాలకూర జ్యూస్ చూస్తే. పరగడుపున గ్లాసులకు గ్లాసులు తాగితే వచ్చే ఆగ్జలేట్, గరిటెడు పప్పులో వచ్చేదానితో పోల్చేది కాదు. అట్లా ఆకు జ్యూసులు తాగి కిడ్నీలే పాడైన కేసులు వైద్య పత్రికల్లో అచ్చయినాయి.

ఊరగాయ, ఊరిబిండిలో ఉప్పు మీద మనకు దృష్టే ఉండదు. ఉప్పు పెరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. నిమ్మరసంలోని సిట్రేట్ రాయి కట్టకుండా అడ్డుపడుతుంది, కాకపోతే అందులో ఉప్పు దట్టించి తాగితే ఏం లాభం? అన్నిటికంటే ముందు నీళ్లు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేట్టు తాగాలంటారు. ఎండలో చెమట పట్టే మనకు ఇంకా ఎక్కువ కావాలి. చేన్లో, మార్కెట్ యార్డుల్లో మరుగుదొడ్డి లేదని దాహం చంపుకునే ఆడవాళ్లున్నారు. రాళ్ల గురించి మాట్లాడేటప్పుడు పాలకూరను తిట్టే నోరు దీని గురించి ఎందుకు తెరుచుకోదో నాకర్థం కాదు.

ఉలవకట్టు, అరటి దూట, కొండపిండి ఆకు అడిగేవాళ్లు చాలామంది. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా వాటితో కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి పోండి. కిడ్నీ పనితనం తగ్గినవాళ్లు నీళ్లు, ఆకుకూరలు ఎంతనేది డాక్టరునే అడగాలి. పైన చెప్పింది వాళ్లకు వర్తించదు. ఇప్పటికే రాళ్లు ఉన్నవాళ్లు పాలకూర తగ్గించుకుంటే మంచిది.

మా మడిలో పాలకూర రెండు సాళ్లు అట్లే ఉంచి, పక్కన మెంతి, ముల్లంగి వేశాం. ఆ అక్క మళ్లీ వచ్చింది. మెంతికూర రెండు కట్టలు, టమాటా కిలో తీసుకుంది. పాలకూర ఒక కట్ట ఊరికే ఇచ్చి, పప్పులో వేసి మజ్జిగతో తినమని చెప్పా.